గని లోపలి పిట్టగోడ

కొత్త ఇల్లు కట్టుకునేవాడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టించాలని మోషే ధర్మశాస్త్రంలో ఒక చిన్న నియమం ఉంది. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో, తప్పిపోయిన ఎద్దు గురించి, పక్షి గూడు గురించి చెప్పిన మాటల పక్కనే అది కనిపిస్తుంది. ఆదివారం ప్రసంగాల్లో దాని మీద వాక్యం చెప్పేవాళ్లు తక్కువ. గోడ లేక ఎవరైనా కింద పడి చనిపోతే ఆ రక్తాపరాధం ఇంటివాడి మీద ఉంటుందని దాని భావం. పడినవాడు ఎందుకు చూసుకుని నడవలేదని అక్కడ అడగలేదు. గోడ ఎందుకు లేదన్నదే అక్కడి ప్రశ్న.

ఈసారి మేము భూమి లోపలి పిట్టగోడ గురించి రాస్తున్నాం. అది ఇటుకలతో కట్టింది కాదు. ఒక రెసిస్టరు, ఒక రిలే, కేబుల్‌లో రెండు సన్నని తీగలు, అంతే. గనిలో కరెంటు దారి తప్పి యంత్రం బాడీలోకో, భూమిలోకో పోతున్నప్పుడు దాన్ని పసిగట్టి క్షణంలో సరఫరా ఆపే ఏర్పాటు అది. గని పనివాళ్లు దాన్ని ఎర్త్ లీకేజీ అనో, ఎర్త్ ఫాల్ట్ రిలే అనో పిలుస్తారు. సామాజిక న్యాయం కోసం నడిచే పత్రికకు రిలేతో ఏం పని అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. చివరిదాకా చదవమని కోరుతున్నాం.

మన పాఠకుల్లో చాలామందికి గనితో ఏదో ఒక బంధుత్వం ఉంది. కోలార్ బంగారు గనుల మారికుప్పం, ఊరుగాం, ఛాంపియన్ రీఫ్ లైన్లలో పుట్టి పెరిగినవాళ్లు ఉన్నారు. రాయచూరు జిల్లా హట్టి బంగారు గనిలో, మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్ బొగ్గు గనుల్లో, ఒడిశాలోని తాల్చేరు వైపు పనిచేసిన, చేస్తున్న కుటుంబాలు ఉన్నాయి. సింగరేణిలో అన్నదమ్ములో, మేనమామలో ఉన్నవాళ్లకు లెక్కలేదు. తమిళనాడులో, యానాంలో ఐటీఐ, డిప్లొమా ఎలక్ట్రికల్ చదివిన మన పిల్లలు ఎక్కడ పని దొరికితే అక్కడికి వెళ్తున్నారు. వాళ్లలో కొందరు ఏదో ఒక రోజు ఈ రిలే ముందు నిలబడాల్సి వస్తుంది. ఆ రోజు వాళ్లకు తెలిసి ఉండాల్సిన సంగతులు ఇవి.

కరెంటు ముందు వెళ్లింది గనికే

కావేరి మీద శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం 1902లో పని మొదలుపెట్టింది. అక్కడ పుట్టిన కరెంటు ముందుగా వెళ్లింది బెంగళూరు వీధులకు కాదు, దాదాపు 147 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోలార్ బంగారు గనులకు. ఆనాటికి ప్రపంచంలోని పొడవైన విద్యుత్ లైన్లలో అదొకటి. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది ఆ తర్వాత, 1905లో. పట్టణాల కంటే ముందు బంగారానికి కరెంటు అందింది. ఆ కరెంటు పక్కన పనిచేసినవాళ్లు ఎక్కువగా ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళ దళితులు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మన తెలుగువాళ్లు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. పంపులు ఆగాయి, నీళ్లు నిండాయి. లైన్ల ఇళ్లలో మాత్రం మనుషులు ఇంకా ఉన్నారు.

ఈ చరిత్ర ఎందుకు గుర్తుచేస్తున్నామంటే, గనిలోకి కరెంటు వచ్చింది కూలివాడి సుఖం కోసం కాదు, పని వేగం కోసం. వేగం వచ్చిన చోటికే ప్రమాదమూ వస్తుంది. ఆ రెండింటి మధ్య కాపలా ఎవరు కాయాలి, ఆ కాపలా ఖర్చు ఎవరు భరించాలి అన్నది అప్పటి నుంచీ ఉన్న తగాదాయే.

ఎర్త్ ఫాల్ట్ అంటే

ఇంట్లో పాత ఫ్రిజ్ తలుపు ముట్టుకున్నప్పుడు చేయి జిల్లుమన్న అనుభవం చాలామందికి ఉంటుంది. లోపల వైరు మీద తొడుగు పాడై కరెంటు ఇనుప బాడీలోకి వచ్చిందన్నమాట. పొడి నేల మీద చెప్పులతో నిలబడ్డాం కాబట్టి బతికిపోతాం. గనిలో ఆ అదృష్టం ఉండదు. నేల తడి. ఒళ్లంతా చెమట. చుట్టూ ఇనుప సపోర్టులు, పట్టాలు, పైపులు. కరెంటు అక్కడ స్థిరంగా ఒకచోట ఉండదు, యంత్రం కదిలిన కొద్దీ దాని వెనుక కేబుల్ ఈడ్చుకుంటూ పోతుంది. ఆ కేబుల్ మీద రాయి పడుతుంది, టబ్బు చక్రం ఎక్కుతుంది, మలుపు దగ్గర ఒరుసుకుంటుంది, జాయింటులోకి నీరు దిగుతుంది. కాబట్టి గనిలో ఎర్త్ ఫాల్ట్ ఎప్పుడో అరుదుగా వచ్చే వింత కాదు. తప్పకుండా వస్తుందని ముందే అనుకుని ఏర్పాటు చేసుకోవాల్సిన సంగతి.

మన భూగర్భ బొగ్గు గనుల్లో యంత్రాలకు ఎక్కువగా వాడేది 550 వోల్టుల మూడు ఫేజుల సరఫరా. అందులో ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య సుమారు 318 వోల్టులు ఉంటాయి. ఆ న్యూట్రల్‌ను ఏం చేయాలన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంది. మూడు దారులున్నాయి.

మొదటిది, న్యూట్రల్‌ను నేరుగా భూమికి కలపడం. అప్పుడు ఒక ఫేజు యంత్రం బాడీకి తగిలితే ఎర్త్ తీగ గుండా భారీ కరెంటు పారుతుంది. ఎర్త్ తీగ నిరోధం 1 ఓం ఉండి 100 ఆంపియర్లు పారాయనుకుందాం. ఆ క్షణంలో యంత్రం బాడీ 100 వోల్టులకు లేస్తుంది. తడి చేత్తో దాన్ని పట్టుకున్న మనిషి గతి ఏమిటి? ఫాల్ట్ వచ్చిన చోట రవ్వలు, మంటలు కూడా లేస్తాయి.

రెండోది, న్యూట్రల్‌ను భూమికి అసలు కలపకపోవడం. అప్పుడు మొదటి ఫాల్ట్ వచ్చినా కరెంటు తిరిగి వెళ్లే దారి దాదాపు లేదు కాబట్టి యంత్రం మామూలుగానే నడుస్తుంది. పని ఆగదు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఫాల్ట్ ఎవరికీ కనబడకుండా అలాగే ఉండిపోతుంది. మిగతా రెండు ఫేజుల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఏదో ఒక రోజు మరోచోట ఇంకో ఫేజుకు ఫాల్ట్ వస్తే, రెండూ భూమి గుండా కలిసి పెద్ద షార్ట్ సర్క్యూట్ అవుతుంది. దాచిపెట్టిన తప్పు ఒక్కసారిగా బయటపడినట్టు.

మూడోది, న్యూట్రల్‌ను ఒక రెసిస్టరు ద్వారా భూమికి కలపడం. ఫాల్ట్ వస్తే కరెంటు పారుతుంది, కానీ కొద్దిగానే. ఆ కొద్ది కరెంటును పసిగట్టి రిలే సరఫరాను తెంచేస్తుంది. తప్పు దాగదు, ప్రాణమూ పోదు. గనులకు మేలైనదని తేలిన దారి ఇదే.

మన దేశంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో ఇచ్చిన భద్రతా నిబంధనలు, 250 వోల్టులు దాటి 1,100 వోల్టుల వరకు ఉండే గని సరఫరాలో ఈ ఎర్త్ ఫాల్ట్ కరెంటు 750 మిల్లీ ఆంపియర్లు మించకూడదని చెప్పాయి. మిల్లీ ఆంపియరంటే ఆంపియరులో వెయ్యో వంతు. అంటే ముప్పావు ఆంపియరు. 318 వోల్టుల దగ్గర కరెంటును అంతకు కుదించాలంటే సుమారు 424 ఓంల రెసిస్టరు కావాలి. ఇందాకటి లెక్కే మళ్లీ చూడండి. ఎర్త్ తీగ నిరోధం 1 ఓం, పారే కరెంటు ముప్పావు ఆంపియరు. యంత్రం బాడీ మీద లేచే వోల్టేజి ముప్పావు వోల్టు. దాన్ని పట్టుకున్న మనిషికి ఏమీ తెలియను కూడా తెలియదు. 100 వోల్టులకూ ముప్పావు వోల్టుకూ మధ్య తేడా ఒక రెసిస్టరు.

అమెరికా భూగర్భ బొగ్గు గనుల్లో ఇంచుమించు ఇదే తరగతి వోల్టేజికి 25 ఆంపియర్ల వరకు చట్టం ఒప్పుకుంటుంది. కాగితం మీద మన హద్దు దానికంటే 30 రెట్లకు పైగా బిగువైనది. కాబట్టి మన కొరత మంచి నియమం లేకపోవడం కాదు.

రెసిస్టరు ఒక్కటే చాలదు

ఇక్కడ మన యువ ఎలక్ట్రీషియన్లు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కరెంటును 750 మిల్లీ ఆంపియర్లకు కుదించాం కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. ఆ లెక్క యంత్రం బాడీని ముట్టుకున్నవాడికి సరిపోతుంది, అది కూడా ఎర్త్ తీగ తెగకుండా ఉన్నప్పుడే. చిరిగిన కేబుల్‌లోని ఫేజు తీగనే ఎవరైనా తాకితే సంగతి వేరు. తడిసిన ఒంటి నిరోధం 1,000 ఓంలనుకున్నా, ఆ రెసిస్టరుతో కలిపి లెక్క వేస్తే అతని ఒంటి గుండా 200 మిల్లీ ఆంపియర్లకు పైగా పారుతుంది. కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లకే కండరాలు బిగుసుకుపోయి చేయి విడిపించుకోలేం. 100 మిల్లీ ఆంపియర్లు దాటి కొద్దిసేపు పారితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. అందుకే రిలే 750 వరకు ఆగకూడదు. దానికంటే బాగా తక్కువ దగ్గరే, క్షణంలో వంతులోనే పడిపోవాలి. రెసిస్టరు దెబ్బ బలాన్ని తగ్గిస్తుంది, రిలే దెబ్బ పడే సమయాన్ని తగ్గిస్తుంది. రెండూ ఉంటేనే మనిషి మిగులుతాడు.

మూడో కాపలా ఒకటుంది. కదిలే యంత్రానికి వెళ్లే ట్రైలింగ్ కేబుల్‌లో మూడు ఫేజు తీగలతో పాటు ఒక ఎర్త్ తీగ, ఒక పైలట్ తీగ ఉంటాయి. ఎర్త్ తీగ తెగిపోతే ఫాల్ట్ కరెంటు తిరిగి రావడానికి దారి ఉండదు. రిలేకు ఏమీ కనబడదు. యంత్రం బాడీ మాత్రం పూర్తి వోల్టేజితో నిలబడి ఉంటుంది, మనిషి చేయి తగిలితే ఆ చెయ్యే దారి అవుతుంది. అందుకే పైలట్ తీగ గుండా ఒక చిన్న కరెంటును ఎప్పుడూ తిప్పుతూ, ఎర్త్ తీగ అతుక్కునే ఉందా అని యంత్రం తనను తాను అడుగుతూ ఉంటుంది. జవాబు రాకపోతే స్టార్ట్ కాదు, నడుస్తుంటే ఆగిపోతుంది. ఫాల్ట్ రాకముందే ఎర్త్ దారిని చూసుకునే ఏర్పాటు ఇది.

బొగ్గు గనిలో ఇంకో భయం ఉంది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు పేలుతుంది. అందుకే 1.25 శాతం దాటగానే అక్కడి కేబుళ్లకు, యంత్రాలకు సరఫరా ఆపేయాలన్నది నియమం. కరెంటు చేసే కీడు షాక్ ఒక్కటే కాదు, నిప్పురవ్వ కూడా.

వేల్స్ దేశంలో సెంగ్‌హెనిద్ అనే ఊరి బొగ్గు గనిలో 1913 అక్టోబర్ 14న జరిగిన పేలుడులో 439 మంది కార్మికులు, వాళ్లను కాపాడబోయిన మరొకరు చనిపోయారు. బ్రిటన్ గనుల చరిత్రలో అంతటి ఘోరం మరొకటి లేదు. గని లోపల గంట మోగించే విద్యుత్ సంకేతాల తీగల నుంచి లేచిన రవ్వ గ్యాసుకు అంటుకుని ఉండవచ్చని విచారణలో బలంగా అనుమానించారు, ఖాయంగా తేలలేదు. తేలింది మాత్రం, చట్టం చెప్పిన భద్రతా ఏర్పాట్లు కొన్ని అక్కడ చేయలేదని. చివరికి మేనేజరుకు 24 పౌండ్లు, కంపెనీకి 10 పౌండ్లు జరిమానా పడింది. మేనేజరు కట్టిన సొమ్మును చనిపోయిన కార్మికుల మధ్య పంచితే ఒక్కో ప్రాణానికి ఒక షిల్లింగు పైచిలుకు. అది చర్చీలు నిండా ఉన్న దేశం, చనిపోయినవాళ్లలో ఎందరో ఆదివారం పాటలు పాడినవాళ్లు. తర్వాతి రోజుల్లో, రవ్వ లేచినా గ్యాసుకు అంటుకోలేనంత బలహీనంగా ఉండేలా గని విద్యుత్ పరికరాలను తయారుచేయాలన్న ఆలోచన బలపడింది. ఆ పాఠానికి చెల్లించిన ధర ఎంతో చూశాం కదా.

రిలే పడినప్పుడు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఒక షిఫ్టును ఊహించుకుందాం. ఏ గని అని వద్దు. బొగ్గు ముఖం దగ్గర యంత్రం ఆగిపోయింది. ఎర్త్ లీకేజీ రిలే పడింది. ఓవర్‌మ్యాన్ వచ్చి కుర్ర ఎలక్ట్రీషియన్‌ను అడుగుతాడు.

"ఏమయ్యా, లైను ఇంకా రాలేదా?"

"కేబుల్ జాయింటు తడిసినట్టుంది సార్. విప్పి పరీక్ష చేయాలి. కనీసం గంట పడుతుంది."

"గంటా? పైనుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. ముందు నడిపించు, షిఫ్టు అయ్యాక చూద్దాం."

ఆ కుర్రవాడు కాంట్రాక్టు కూలి. వచ్చి మూడు నెలలయింది. అతనికి తెలుసు, రిలేను పక్కన పెడితే యంత్రం నడుస్తుందని. అలా నడిపించడం తప్పని కూడా తెలుసు. కానీ ఆగిన ప్రతి నిమిషమూ అతని పేరు మీద రాస్తారు, తప్పిన ప్రమాదం ఎవరి పేరు మీదా రాయరు. ఇదీ మేము పాఠకుల ముందు పెట్టదలచిన అన్యాయం. రిలే పని చేసినందుకు అయ్యే ఖర్చు, గని మొత్తంలో తక్కువ జీతం వచ్చేవాడి మీద పడుతోంది. రిలే పని చేయకపోతే అయ్యే ఖర్చు కూడా అతని మీదే, అతని పక్కనున్నవాడి మీదే పడుతుంది. మధ్యలో వచ్చే లాభం మాత్రం ఇంకెక్కడికో వెళ్తుంది.

ఆ తర్వాత ప్రమాదం జరిగితే మొదట వినిపించే మాట కార్మికుడి నిర్లక్ష్యం అని. సంతకం అతనిది, చెయ్యి అతనిది కాబట్టి అలా రాయడం తేలిక. తడి జాయింటును నెలల తరబడి మార్చనిదెవరు, స్పేర్ కేబుల్ కొననిదెవరు, గంట ఆలస్యానికి ఫోను చేసిందెవరు అని అడగడం కష్టం.

అవతలి వాదనను కూడా న్యాయంగా వినాలి. రిలేలు ఊరికే పడిపోతుంటాయి, ప్రతిసారీ ఆపితే గని నడవదు, గని నడవకపోతే జీతాలెక్కడివి అంటారు. ఇందులో కొంత నిజముంది. పొడవైన కేబుళ్లలో ఏ దెబ్బా లేకపోయినా కొద్దిపాటి కరెంటు తొడుగు గుండా భూమిలోకి పోతూనే ఉంటుంది. గని పెరిగి కేబుళ్లు పెరిగిన కొద్దీ ఆ కరెంటూ పెరుగుతుంది. సెట్టింగులను మళ్లీ లెక్క కట్టకపోతే ఒకచోట ఫాల్ట్ వచ్చినప్పుడు సంబంధం లేని మరోచోట రిలే పడుతుంది. ఫాల్ట్‌కు దగ్గరగా ఉన్న రిలే ముందు, పైనున్నది కొంచెం ఆగి పడేలా అమర్చకపోతే ఒక డ్రిల్లు చెడినందుకు మొత్తం డిస్ట్రిక్టు చీకటైపోతుంది, పంపు ఆగిపోతుంది, లోపలికి గాలి తోసే ఫ్యాను ఆగిపోతుంది. అదీ ప్రమాదమే.

అయితే దీనికి మందు రిలేను పక్కన పెట్టడం కాదు. సెట్టింగులు సరిచూడటం, కేబుళ్లు మార్చడం, జాయింట్లు టేపు చుట్టి వదిలేయకుండా సరిగా వల్కనైజ్ చేయించడం, ఒక్కో భాగానికి వేరువేరు ఫీడర్లు ఇవ్వడం. ఇవన్నీ డబ్బు, ఇంజినీరు సమయం అడిగే పనులు. రిలేను పక్కన పెట్టడానికి డబ్బు అక్కర్లేదు. అందుకే దాని వైపు చెయ్యి వెళ్తుంది. ఊరికే పడే రిలే కూడా ఒక కబురే చెబుతోంది, ఈ వ్యవస్థ మీద పెట్టాల్సిన ఖర్చు పెట్టలేదని. కబురు తెచ్చినవాడి నోరు మూస్తే ఆ లోటు తీరదు.

మనం అడగాల్సినవి

గనుల్లో పనిచేసే మన బిడ్డలకు, వాళ్ల తల్లిదండ్రులకు, సంఘ పెద్దలకు కొన్ని మాటలు చెప్పదలిచాం.

ఒకటి, రిలేకు పరీక్షించే బటన్ ఉంటుంది. దాన్ని ఎవరు, ఎన్నాళ్లకొకసారి నొక్కుతున్నారు, పుస్తకంలో రాస్తున్నారా అని అడగండి. పరీక్షించని రిలే గోడకు తగిలించిన పెట్టె మాత్రమే.

రెండు, రిలే పడిన ప్రతిసారీ సమయం, చోటు, దొరికిన కారణం రాసి ఉంచండి. ఒకే జాయింటు నెలలో నాలుగుసార్లు పుస్తకంలోకి వస్తే, తప్పు ఎక్కడుందో వాదించాల్సిన పని ఉండదు.

మూడు, రక్షణను తప్పించి నడపమని ఎవరైనా నోటిమాటగా చెబితే, రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. నోటితో చెప్పినంత తేలిక కాదు రాసి సంతకం పెట్టడం. ఒంటరిగా అడగడానికి భయమైతే ఇద్దరు ముగ్గురు కలిసి అడగండి.

నాలుగు, పెద్ద గనుల్లో కార్మిక సంఘంతో సంప్రదించి నియమించే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు ఉండాలని, వాళ్లలో విద్యుత్ విషయాలు చూసేవారూ ఉండాలని 1955 నాటి గనుల నియమాలు ఏర్పాటు చేశాయి. అలాగే గని భద్రతా కమిటీలు. మీ గనిలో ఆ మనిషి ఎవరో మీకు తెలుసా? ధన్‌బాద్ కేంద్రంగా పనిచేసే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్‌లో విద్యుత్ విభాగానికి ప్రత్యేకంగా ఇన్‌స్పెక్టర్లు ఉన్నారన్న సంగతి కాంట్రాక్టు కార్మికులకు ఎవరైనా చెప్పారా?

ఐదు, కాంట్రాక్టు కూలికైనా పనిలో దించే ముందు శిక్షణ ఇవ్వాలని 1966 నాటి వృత్తి శిక్షణ నియమాలు చెప్పాయి. ఆ శిక్షణ అతనికి అర్థమయ్యే భాషలో జరిగిందా? హట్టిలో కన్నడంలో, చంద్రపూర్‌లో మరాఠీలో, హిందీలో చెప్పిన జాగ్రత్త, నిన్న ఊరి నుంచి దిగిన తెలుగు కుర్రవాడికి ఎంత ఎక్కిందో ఎవరైనా చూశారా? మన సంఘాలు ఆదివారం సాయంత్రం ఒక గంట కేటాయించి, రిటైరైన ఒక గని ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పిల్లలతో మాట్లాడిస్తే అది చిన్న పనేమీ కాదు. కేజీఎఫ్‌లో, బల్లార్‌పూర్‌లో అలాంటి పెద్దలు మన మధ్యే ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఉన్న తెలివి ఏ పుస్తకంలోనూ దొరకదు.

గని ముఖం చూడని పాఠకులకు కూడా ఒక మాట. ఇదే రిలేకు తమ్ముడు మన ఇళ్లలో ఉన్నాడు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే ఆర్‌సీసీబీ అది. వానాకాలంలో అది మాటిమాటికీ పడుతుంటే విసుగొచ్చి దాన్ని తప్పించి డైరెక్టుగా కలిపించుకున్న ఇళ్లున్నాయి. క్రిస్మస్‌కు చర్చి ముందు వేసే పందిరికి, కన్వెన్షన్ మైదానంలో పెట్టే లైట్లకు ఎర్త్ లేకుండా, అతుకుల వైర్లతో కరెంటు లాగే అలవాటు మన మధ్యా ఉంది. ఆ వైరు పట్టుకుని తడి నేల మీద నిలబడేది సంఘ పెద్ద కాదు, రోజు కూలికి వచ్చిన పిల్లవాడు. గని యజమానిని అడిగే ముందు మన పందిరి వైపు ఒకసారి చూసుకోవాలి. మన బోర్డు మీది టెస్ట్ బటన్ నెలకొకసారి మనమే నొక్కాలి. అది పడకపోతే ఆ రోజే మార్పించాలి.

యోబు గ్రంథం 28వ అధ్యాయంలో మనుషులు నడిచే దారులకు దూరంగా, భూమి అడుగున వేలాడుతూ వెండీ బంగారం వెతికే గని పనివాళ్ల చిత్రం ఉంది. అంత కష్టపడి లోతుకు వెళ్లే మనిషికి కూడా జ్ఞానం అక్కడ దొరకదని ఆ అధ్యాయం చెబుతుంది. జ్ఞానం సంగతి అలా ఉంచితే, ఆ మనిషిని సాయంత్రానికి సురక్షితంగా పైకి తీసుకురావడం మన చేతుల్లో ఉన్న పని. దానికి కావాల్సిన విద్య మనకు తెలుసు. 424 ఓంల రెసిస్టరు, పనిచేసే రిలే, తెగని ఎర్త్ తీగ. వీటిలో ఏదీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు.

కనుక రేపు మన బిడ్డ ఎవరైనా ఇంటికి ఫోను చేసి, "నాన్నా, ఈరోజు లైను ఆపానని తిట్లు తిన్నాను" అంటే, ఉద్యోగం జాగ్రత్త అని ముందు అనకండి. ఎందుకు ఆపావో చెప్పు అని అడగండి. వాడు చెప్పింది నిజమైతే, మంచి పని చేశావని చెప్పండి. పిట్టగోడ కట్టించాల్సింది ఇంటి యజమాని. అది కూలకుండా చూస్తున్న పిల్లవాడికి ఆ మాత్రం అండగా నిలబడాల్సింది మనం.